స్నేహితురాలు ఏమైంది?

“చీర కూడా కోసేసినావా పంకజా?”

వరదమ్మ అడిగింది ఆ ఒక్కటే. పొద్దున పదింటి నుంచి ఆమె మొగుడు గోవిందు అరుస్తూనే ఉన్నాడు. పుస్తకం అంటాడు, రాత అంటాడు, పరువు అంటాడు, ఎదురింటి అక్కమ్మ అంటాడు. వరదమ్మ చెవికి అవేవీ ఎక్కలేదు. నడవలో ఆడబిడ్డ ట్రంకుపెట్టె ముందు కూచుని, అందులో దొరికిన వంకాయ రంగు చీరను ఒళ్ళో పరచుకుని చూస్తోంది. దాన్ని చీర అనడానికి లేదు. కొంగు లేదు. ఒక పక్క అంచు లేదు. కత్తెరతో మూడుమూలల ముక్కలు తీసీ తీసీ జల్లెడ చేసిన గుడ్డ అది.

“నారాయణవనం పోయి, మగ్గం కాడ కూచోని ఎంచి తెచ్చినా. నీ పెండ్లిచూపులకని.”

“చూపులకు నేను కూచోలేదు గదా వదినా. చీర ఊరికే పడుండాది. అట్టలకు మూలలు వేసుకున్నా.”

“మనిషికి చుట్టాల్సిన చీర పుస్తకాలకు చుట్టినావా!”

“పుస్తకాలు వద్దనలేదు.”

“థూ!” అన్నాడు గోవిందు. “నెత్తిన బండ పడతా ఉంటే చీర అంట, మూలలంట. ఇద్దరికిద్దరూ సరిపోయినారు.”

పంకజాక్షి గోడకు ఆనుకుని నిలబడింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. మూడో తరగతితో బడి మానేసి, పదమూడేళ్ళుగా బైండింగు షాపులో అచ్చు కాగితాల ఫారాలు మడుస్తోంది, కుడుతోంది. జిగురుకు పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం ఆమె గోళ్ళలోకి దిగి నీలంగా ఉండిపోయింది. తిరుపతి ఆడవాళ్ళు వారపత్రికల్లోంచి సీరియళ్ళు చించి, దాచి, తెచ్చిస్తే పుస్తకం చేసి ఇస్తుంది. అందరికీ ఒకటే నీలం కాలికో గుడ్డ అట్ట. నలుగురి పుస్తకాలకు మాత్రమే వంకాయ రంగు మూలలు. ఆ నలుగురిలో తను ఒకతె.

“అసలు నువ్వు ఆ పుస్తకం ఎత్తుకోని అక్కమ్మ ఇంటికి ఎందుకు పోయినావు?” గోవిందు ఇప్పుడు పెళ్ళాం మీదికి తిరిగాడు.

“నన్ను అబద్ధాలకోరు అనింది ఆయమ్మ. బోరింగు కాడ, నలుగురిలో. ఊరుకుంటానా?”

“దేనికి?”

“హేమకు.”

“ఏ హేమ?”

“సీరియల్లో హేమ. మొగుణ్ణి వదిలేసి స్నేహితురాలి రూములో ఉండ్లా? నలభై వారాలు వచ్చింది గదా. హేమ కడాకు మొగుడి కాళ్ళ మీద పడింది, నా కండ్లతో చదివినా అంటుంది అక్కమ్మ. పడలేదు, స్నేహితురాలితో కలిసి చంద్రగిరిలో ఇల్లు తీసుకునింది, నేనూ నా కండ్లతోనే చదివినా అన్నా. చూపించు అనింది. తెచ్చి చూపించినా. తప్పా?”

గోవిందు తల పట్టుకున్నాడు. “అచ్చేసిందానికీ చేత్తో రాసిందానికీ తేడా తెలీదా నీకు?”

“మా అమ్మ కర్మంతరానికి పోయినప్పుడు ఆ చివరి వారం మనకు దొరకలేదు గదా. దొరకనోళ్ళు పక్కింట్లో అడిగి తెచ్చుకోని చేత్తో ఎత్తి రాసుకోరా? మా అక్క ఎన్ని నోటుబుక్కులు రాసుకునింది! పంకజా అట్లే రాయించుకునిందేమో అనుకున్నా. కింద ‘సమాప్తం’ అని కూడా ఉండాది.”

సమాప్తం చూసి వరదమ్మ ఆగిపోయింది. అక్కమ్మ ఆగలేదు. పేజీ తిప్పింది. అక్కడ ఇంకొకరి చేతిరాత, ఇంకొక ముగింపు. ఆ వెనక మూడో చేతిరాత, మూడో ముగింపు. మూడింటిలోనూ హేమ మొగుడి దగ్గరికి పోదు. మూడింటిలోనూ ఇద్దరాడవాళ్ళు ఒక కప్పు కింద ఉంటారు, ఒక పరుపు మీద పడుకుంటారు.

మొదటి చేతిరాత ఎవరిదో అక్కమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఐదో తరగతి దాకా ఆ గుండ్రటి అక్షరాలు చూసి దిద్దుకునే ఆమె రాత నేర్చుకుంది. చంద్రకాంతమ్మ టీచరు రాత. ఇరవై ఏళ్ళుగా ఆ బళ్ళో చదివిన ప్రతి ఆడపిల్ల వేళ్ళలోనూ ఆ రాత ఉంది. అక్కమ్మ మొగుడు మునిరామయ్య అదే బడి కమిటీలో మెంబరు.

ఇది జరిగింది మొన్న గురువారం. ఇవాళ శనివారం.

“అయిదింటికి మునిరామయ్య ఇంటికి రమ్మన్నాడు,” గోవిందు గొంతు తగ్గించాడు. అతనికి గొంతు తగ్గించడం వచ్చు. సత్రంలో గుమస్తా. పొద్దంతా యాత్రికుల దగ్గర గొంతు తగ్గించే మాట్లాడతాడు, ఇంటికొచ్చి ఆ బాకీ తీర్చుకుంటాడు. “పుస్తకం ఆయన దగ్గరే ఉండాది. నేను చూసినా. అందులో నీ రాత లేదు. కడాన రెండు పేజీలు ఖాళీ. దేవుడు మన పక్కన ఉండాడు పంకజా. ‘టీచరమ్మ తెచ్చిచ్చింది, కుట్టిచ్చినా, లోపల ఏముండాదో నాకు తెలీదు’ అను. అంతే. ఆ ఒక్క మాటతో నువ్వు బయటపడతావు.”

“ఆయమ్మ?”

“ఆయమ్మ బతుకు ఆయమ్మది.”

“ఉద్యోగం పోతుంది, అన్నా.”

“పోనీ! ఆడది ఆడదాంతో కాపురం చేస్తుందా? లోకంలో యాడన్నా ఉండాదా? అక్షరాలు దిద్దించే మనిషి రాయల్సిన రాతేనా అది?” అతను చొక్కా తగిలించుకున్నాడు. “అయిదింటికి వస్తా. ఇద్దరూ రెడీగా ఉండండి. ఎవరన్నా వేరే మాట మాట్లాడితే ఈ ఇంట్లో ఆ మనిషికి తావు లేదు.”

అతను వెళ్ళాక ఇల్లు చప్పబడిపోయింది.

ట్రంకుపెట్టెకు తాళం వేసుకుని ఉంటే ఇంత వచ్చేది కాదని మీరు అంటారు. వేసుకుంటే ఏం దాచినావని అడుగుతారు. వేసుకోకపోతే అడగకుండా తీస్తారు. ఈ దేశంలో పెళ్ళికాని ఆడదానికి పెట్టె ఉంటుంది. తాళం ఉండదు.

వరదమ్మ చీరను మడతపెట్టబోయింది. మడత నిలవలేదు. చుట్టలాగా చుట్టి ఒళ్ళోనే పెట్టుకుంది.

“పంకజా.”

“ఊఁ.”

“ఒకటి అడుగుతా, తిట్టుకోవద్దు. అక్కమ్మ చెప్పిందే నిజం అనుకో. అచ్చులో హేమ ఎనక్కి పోయిందే అనుకో.” ఆమె వాకిలి వైపు చూసింది, మొగుడు నిజంగా వెళ్ళాడా అని. “అప్పుడు ఆ స్నేహితురాలు ఏమైంది?”

పంకజాక్షి గోడ నుంచి వీపు ఎత్తింది.

ఆ ప్రశ్న ఆమెకు తెలుసు. పదకొండేళ్ళ కింద చంద్రకాంతమ్మ ఒక సీరియలు కట్ట తెచ్చి షాపు బల్ల మీద పెట్టి అడిగిన ప్రశ్న అదే. కుట్టడానికిచ్చే ఆడవాళ్ళందరూ హీరోయిన్ గురించి మాట్లాడతారు. పాపం అంటారు, పొగరు అంటారు, మంచిపని అయింది అంటారు. పక్కన ఉండే స్నేహితురాలిని ఎవరూ తలవరు. ఏడాదికో రెండేళ్ళకో ఒకతె వస్తుంది. కట్ట ఇస్తూ, పేజీలు సరిచేస్తూ, ఎటో చూస్తూ అడుగుతుంది: ఆ స్నేహితురాలు ఏమైంది? రేణిగుంట గోడౌనులో గోనెసంచులు కుట్టే కుప్పమ్మ అట్లా అడిగింది. చిత్తూరు ఆసుపత్రిలో నర్సుగా ఉండిన సిద్ధమ్మ అట్లా అడిగింది. నేనూ నీలాంటిదాన్నే అని చెప్పుకోవడానికి వాళ్ళకు ఇంకో మాట లేదు. ఎవరూ ఇవ్వలేదు.

ఆ మాట ఇప్పుడు వదిన నోట్లోంచి వచ్చింది.

“బదిలీ అయిపోయింది,” అంది పంకజాక్షి. “ఒక్క లైనులో. ఏ ఊరికో కూడా రాయలేదు.”

“ఒక్క లైనేనా,” అంది వరదమ్మ.

పంకజాక్షి చెప్పులు వేసుకుని బస్టాండుకు నడిచింది.

*

చంద్రగిరిలో కోట వైపు పోయే సందులో చంద్రకాంతమ్మ ఇల్లు. రెండు గదులు. నలభై ఎనిమిదేళ్ళ విధవరాలు ఒంటిగా ఉంటే ఊరు ఊరుకోదు గానీ, టీచరు కాబట్టి, జాస్తి మాట్లాడదు కాబట్టి, ఇన్నాళ్ళూ ఊరుకుంది. రెండో శనివారం బడికి సెలవు. ఆ మధ్యాహ్నాలు నలుగురూ అక్కడ కూడేవాళ్ళు. మిగతా ఇరవై తొమ్మిది దినాలు ఆ ఒక్క మధ్యాహ్నాన్ని ఆనుకుని బతికేవాళ్ళు.

ఇవాళా రెండో శనివారమే.

తలుపు తీసే ఉంది. చంద్రకాంతమ్మ గోడకు ఆనుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుతోంది. తల ఎత్తలేదు.

“అక్కా.”

“కుప్పమ్మ పొద్దున్నే వచ్చి పోయింది,” అంది చంద్రకాంతమ్మ పేజీ మీదినుంచి కళ్ళు తీయకుండా. “తన రైల్వే టైంటేబులు తీసుకోని పోయింది. కాఫీ ఇస్తే తాగలేదు.”

అలమరలో ఒక పుస్తకం మందాన ఖాళీ. పంకజాక్షి చూపు అక్కడికే పోయింది.

కుప్పమ్మకు నచ్చిన పుస్తకం రైల్వే టైంటేబులు. మీరు నవ్వొచ్చు. వీళ్ళూ మొదట్లో నవ్వారు. “నవ్వుకోండి, మీ హేమ యాడికి పోవల్లన్నా నా పుస్తకమే దిక్కు,” అనేది కుప్పమ్మ. రేణిగుంట నుంచి ఏ బండి ఎన్నింటికి ఏ ఊరికి చేరుతుందో పాటలా చదివేది. సిద్ధమ్మకు డిటెక్టివులు. చివరి పేజీ ముందు చదివి, హంతకుడెవరో తెలుసుకుని, ఆ తర్వాత మొదటి పేజీ నుంచి నిమ్మళంగా చదివేది. “ఎవడు చంపుతాడో ముందే తెలిసుండల్ల,” అనేది. ఆమెను గూడూరులో నిమ్మకాయల వ్యాపారికి ఇచ్చి చేశారు. పోయిన ఏడాది. ఉత్తరం లేదు. కుప్పమ్మ ఆ రోజు నుంచి గూడూరు బండి టైము మాత్రం చదవడం మానేసింది.

చంద్రకాంతమ్మవి ఏడుపు సీరియళ్ళు. బళ్ళో చరిత్ర పాఠం చెప్పే మనిషి, స్టాఫ్ రూములో చరిత్ర పుస్తకం మధ్యలో సీరియలు పెట్టుకుని ఏడ్చేది. పుస్తకం లేకుండా బస్సెక్కేది కాదు.

పంకజాక్షికి మడవని ఫారం ఇష్టం. అచ్చయి వచ్చిన పెద్ద కాగితం మీద ఒకటో పేజీ పక్కన ఎనిమిది ఉంటుంది, నాలుగు తలకిందులుగా ఐదు పక్కన ఉంటుంది. అట్లా పరిచి, మెడ తిప్పుకుంటూ చదివేది. “నీకు కథ అట్లెట్ల అర్థమవుతుంది మే?” అని కుప్పమ్మ అడిగితే, “మడిచినాక అందరికీ ఒకటే కథ గదా,” అనేది.

హేమ సీరియలు చివరి వారం వచ్చినప్పుడు నలుగురూ ఇక్కడే చదివారు. మొగుడి కాళ్ళ మీద హేమ పడింది. స్నేహితురాలు ఒక్క లైనులో బదిలీ అయిపోయింది. చంద్రకాంతమ్మ బ్లేడు తెచ్చి ఆ ఆకులు నున్నగా కోసేసి పొయ్యిలో పెట్టింది. ఆ మంట మీదే కాఫీ కాచింది. పంకజాక్షి ఎనిమిది పేజీల తెల్ల ఫారం తెచ్చి అక్కడ కుట్టింది. మనిషికి రెండు పేజీలు. పేర్లు రాయకూడదు. అది ఒక్కటే షరతు. ముగ్గురు రాశారు.

“రెండు దినాలు పట్టిందా నీకు?” చంద్రకాంతమ్మ పుస్తకం మూసింది. “గురువారం జరిగితే శుక్రవారం రేణిగుంటకు పోయినావు. కుప్పమ్మకు చెప్పినావు. నాకు చెప్పడానికి నోరు రాలేదా?”

“భయమేసింది అక్కా.”

“కమిటీకా?”

“నీకు.”

చంద్రకాంతమ్మ లేచి, చేసేదేమీ లేకపోయినా కిటికీ రెక్క ఒకటి వేసి మళ్ళీ తీసింది.

“మా ముగ్గురి బతుకూ నీ పెట్టెలో పెట్టినాము పంకజా.”

“నువ్వే పెట్టమంటివి. నీ ఇంట్లో ఉంటే పిల్లకాయలు వస్తారు, చూస్తారు అంటివి. కుప్పమ్మది తాటాకు కొట్టం, వానకు తడుస్తుందంటివి. ఇంగ యాడ పెట్టల్ల?”

“తప్పు నాదే అంటావు.”

“నేనట్ల అన్లేదు.”

“అన్నావు.”

“అన్లేదు అక్కా! అయిదింటికి మునిరామయ్య ముందర నన్ను నిలబెడతారు. నువ్వు తెచ్చిచ్చినావు అని చెప్పమంటాడు మా అన్న. నేనేం చెప్పల్లో చెప్పు.”

“అదే చెప్పు.”

పంకజాక్షి తల అడ్డంగా ఊపింది.

“అదే చెప్పు,” అంది మళ్ళీ టీచరు, తరగతిలో జవాబు చెప్పించేటట్టు. “సోమవారం కమిటీకి నేనే పోతా. మూడు రాతలూ నావే అంటా. అక్షరాలు మూడు రకాలుగా రాయడం టీచరుకు రాదా? కుప్పమ్మ ఊసు రాకూడదు, సిద్ధమ్మ ఊసు అసలు రాకూడదు, కాపురం చేసుకుంటా ఉండాది ఎట్లనో. నిన్ను అడిగితే, ఆ మనిషెవరో నాకు తెలవదు అంటా. నువ్వూ నేనెవరో తెలవదు అను. కుట్టడానికిచ్చిన మనిషి, అంతే అను.”

“నేను అనను.”

“అనల్ల.”

“పదకొండేండ్లు అక్కా!”

“అందుకే అనల్ల.” చంద్రకాంతమ్మ మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. “నువ్వొక్కతేవే రాయలేదు. నువ్వొక్కతేవే బయట ఉండావు. అట్లనే ఉండు. ఒకరన్నా బయట ఉండల్ల గదా.”

బయట ఎవరో మేకలు తోలుకుపోతున్నారు. ఆ చప్పుడు సందు మలుపు తిరిగింది.

“ఎందుకు రాయలేదు పంకజా?”

“నా రాత బాగుండదు.”

“అబద్ధం.”

“మూడో తరగతి రాత. మీ రాతల పక్కన...”

“అది కాదు. ఏడాది నుంచి ఆ రెండు పేజీలు తెల్లగా ఉండాయి. పుస్తకం నా దగ్గరికి వచ్చినప్పుడంతా ముందు అవే తీసి చూస్తా ఉంటి. ఏమన్నా రాసిందేమో అని.”

పంకజాక్షి గోళ్ళలోని నీలం చూసుకుంది. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. పదకొండేళ్ళుగా వస్తూనే ఉంది. గొంతు దాకా వచ్చి, ‘అక్కా’ అయిపోయి, పడిపోతోంది.

“బస్సుకు టైమయింది,” అంది.

చంద్రకాంతమ్మ మళ్ళీ గోడకు ఆనుకుని కూచుంది. పుస్తకం తెరిచింది. పంకజాక్షి సందు చివర నుంచి తిరిగి చూసింది. వాకిట్లోంచి ఆమె తల కనిపిస్తూనే ఉంది. ఆ కాసేపటిలో పేజీ తిరగలేదు.

*

మునిరామయ్య చెడ్డవాడేం కాదు. అదే కష్టం. చెడ్డవాడైతే తిట్టి రావచ్చు. ఈయన తన ఇంట్లో పంకజాక్షికి కుర్చీ వేయించాడు. మంచినీళ్ళు ఇప్పించాడు. గోవిందు చేతులు కట్టుకుని నిలబడితే కూచోమన్నాడు. ఎదురుగా స్టూలు మీద నీలం అట్ట పుస్తకం. నాలుగు మూలలా వంకాయ రంగు గుడ్డ.

వరదమ్మ తలుపు పక్కన కింద కూచుంది. చీరలో నుంచి తీసిన గుడ్డపేలిక ఒకటి ఆమె బొడ్లోంచి తొంగిచూస్తోంది. ఎందుకు తెచ్చుకుందో ఆమెకే తెలియాలి.

“నేను కథలు చదవనమ్మా,” అన్నాడు మునిరామయ్య. “నాకు ఒక్కటే కావల్ల. సోమవారం కమిటీ ఉండాది. ఆడబిడ్డల చేత అక్షరాలు దిద్దించే చేయి, ఇది రాసిందా లేదా?”

“రాసింది. ఇంకా అడిగేదేముండాది?” అంది అక్కమ్మ. “మొదటిది టీచరమ్మ రాతే, ప్రమాణం చేస్తా. రెండోది మాత్రం ఆయమ్మది కాదు. దాంట్లో అన్నీ రైళ్ళే. హేమా ఆ పిల్లా రైలెక్కి పోతానే ఉంటారు. యాడా దిగరు. ఇప్పుడు దిగుతారు, ఇప్పుడు దిగుతారు అని నేనూ...”

“నువ్వు నోరు మూస్తావా?”

“మూసినా.”

“చెప్పమ్మా. నీ రాత ఇందులో లేదని మీ అన్న చెప్పినాడు. నేనూ చూసినా. నీకు సంబంధం లేదు. ఈ పుస్తకం ఎవరు తెచ్చిచ్చినారు, ఆ పేరు చెప్పి ఇంటికి పో.”

గోవిందు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడం ఉంది. అన్న అట్లా చూడటం పంకజాక్షి ఎప్పుడూ చూడలేదు. ఒక్క మాట. ఆ మాట చెబితే రాత్రికి తన చాప తన నడవలో ఉంటుంది. రేపు బైండింగు షాపు ఉంటుంది. రెండో శనివారం మాత్రం ఉండదు. ఇంక ఎప్పటికీ ఉండదు.

“పుస్తకం ఒకసారి ఇట్లియ్యండి.”

ఇచ్చాడు. ఆమె చివరికి తిప్పింది. రెండు పేజీలు తెల్లగా ఉన్నాయి.

“పెన్ను ఉండాదా సామీ?”

మునిరామయ్య ముఖం తేటపడింది. “రాసిస్తావా? అది ఇంకా మంచిది. రాసియ్యి. కింద తేదీ వెయ్యి.” జేబులోని పెన్ను మూత తీసి ఇచ్చాడు.

పంకజాక్షి పుస్తకాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం చింతగింజంత. లైను పైకెక్కిపోతోంది. అక్కమ్మ వెనక నిలబడి, మూసిన నోరు మూసినట్టే ఉంచలేక, పైకి చదవసాగింది.

“‘ఈ పుస్తకం కుట్టింది నేను. ఇది నా పెట్టెలో నుంచి వచ్చింది. ముందు పేజీల్లో రాసినోళ్ళు దీన్ని ఎవరికీ చూపలేదు...’ ఊఁ, రాయి, రాయి... ‘హేమ సంగతి నాకు అక్కర్లేదు. ఆ స్నేహితురాలిని నేను. నాకు మొగుడు వద్దని నేను చీర కోసినా. నాకు కావల్సింది...’”

అక్కమ్మ గొంతు ఆగిపోయింది. గదిలో పెన్ను గీరుకునే చప్పుడే మిగిలింది.

“ఏమే, చదువు,” అన్నాడు మునిరామయ్య.

అక్కమ్మ చదివింది, ఈసారి మెల్లగా. “‘నాకు కావల్సింది ఒక ఆడమనిషి. పదకొండేండ్లుగా ఆమెకు పుస్తకాలు కుడుతుండా. ఈ మాట ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా.’”

కింద పంకజాక్షి అని రాసింది. ఆ పుస్తకంలో అంతవరకు ఎవరి పేరూ లేదు.

గోవిందు కుర్చీలో ముందుకు వంగాడు. “పంకజా,” అన్నాడు. చిన్నప్పుడు బావిలోకి తొంగిచూస్తే పిలిచేవాడు అట్లా.

మునిరామయ్య చాలాసేపు పెన్ను మూత వేళ్ళ మధ్య తిప్పాడు. “ఎవరామె?”

“పేరు రాయలేదు సామీ.”

“అడుగుతా ఉండా.”

“రాయలేదు.”

అప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

చంద్రకాంతమ్మ లోపలికి వచ్చింది. నుదుటి మీద బస్సు దుమ్ము అట్లనే ఉంది. అక్కమ్మ అలవాటుకొద్దీ లేచి నిలబడింది, తరగతిలోకి టీచరు వచ్చినట్టు. సోమవారం దాకా ఆగుతానన్న మనిషి ఇవాళే వచ్చేసింది. పంకజాక్షిని ఈ ఇంట్లో ఒంటిగా నిలబడనీయలేక వచ్చింది. ఆ సంగతి ఆమె ముఖంలో ఎక్కడా కనబడనివ్వలేదు.

“ఆ రాతలు నావి మునిరామయ్యా,” అంది నిలబడే. “మూడూ నేనే రాసినా. మూడు రకాలుగా రాసినా. ఎవరికీ సంబంధం లేదు. సోమవారం దాకా ఎందుకు, నా రాజీనామా ఇప్పుడే రాసిస్తా.”

“మూడేనా టీచరమ్మా?” అన్నాడాయన. “నాలుగోది?”

“నాలుగోది లేదు.”

ఆయన పంకజాక్షి వైపు చేయి చూపించాడు. “ఈమె మీకు తెలుసా?”

చంద్రకాంతమ్మ పంకజాక్షిని చూసింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళను చూసినట్టు చూసింది. ఎంత బాగా చూసిందంటే, పంకజాక్షి ఒక్క క్షణం తనెవరో తనే మరిచిపోయింది. మోకాళ్ళ మీద పుస్తకం తెరిచే ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

“తెలవదు,” అంది చంద్రకాంతమ్మ. “ఈమెను నేను ఎప్పుడూ చూడలేదు.”

అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. మునిరామయ్య చూస్తున్నాడు. గోవిందు చూస్తున్నాడు. అక్కమ్మ రెప్ప వేయడం లేదు.

కింద కూచున్న వరదమ్మ ఒక్కతే ముఖం చూడలేదు. కింది నుంచి చూసే ఆమె కళ్ళకు ముందు చంద్రకాంతమ్మ చంక కనిపించింది. ఆ చంకలో, బస్సులో చదువుకోవడానికి తెచ్చుకున్న పుస్తకం ఉంది. నీలం అట్ట. మూలన వంకాయ రంగు.

వరదమ్మ చేయి మెల్లగా బొడ్లోని గుడ్డపేలిక మీదికి పోయింది. పేలికను చూసింది. పుస్తకం మూలను చూసింది. ఆడబిడ్డను చూసింది.

తర్వాత వరదమ్మ పేలికను కనబడకుండా బొడ్లోకి దోపేసి, నోరు తెరిచింది.